అక్కడే పుట్టింది, అయినా రైలెక్కించారు

గ్రెగరీ నావా 1995లో తీసిన 'మి ఫమీలియా' సినిమాను మొదటిసారి గ్యాంగుల కోసమే చూశాను. నేను క్రైమ్ వార్తలు రాసే రోజులవి. తూర్పు లాస్ ఏంజెలెస్‌లో మెక్సికన్ల బస్తీ, కత్తులు, పోలీసులు, జైలు... అవే కనిపించాయి. చాలా ఏళ్లకు అమ్మీ పక్కన కూర్చుని మళ్లీ చూసినప్పుడు గానీ అందులోని ఖాందాన్ కనిపించలేదు.

అమ్మీకి ఇంగ్లిష్ రాదు. నేను ఉర్దూలో చెబుతూ పోయాను. 1930ల నాటి సంగతి. మరియాకు ఇద్దరు పిల్లలు, మళ్లీ కడుపుతో ఉంది. ఇమ్మిగ్రేషన్ వాళ్లు ఆమెను పట్టుకుని, రైల్లో కుక్కి మెక్సికోకు పంపేశారు.

"ఆమె దగ్గర కాగజ్ లేవా బేటా?"

"అమెరికాలోనే పుట్టింది అమ్మీ. అక్కడి పౌరురాలే."

"మరి?"

ఆ 'మరి'కి జవాబు తవారీఖ్‌లో ఉంది. 1929 తర్వాత అమెరికాలో రోజ్‌గార్ కూలిపోయింది. మా కొలువులు మెక్సికన్లు తింటున్నారనే మాట లేచింది. 1931 ఫిబ్రవరి 26న లాస్ ఏంజెలెస్‌లోని లా ప్లాసిటా పార్కును చుట్టుముట్టి, సుమారు 400 మందిని ఆపి కాగితాలు అడిగారు. పట్టుకున్నది కొందరినే. ఖౌఫ్ మాత్రం ఇంటింటికీ పాకింది. కౌంటీ అధికారులే రైళ్లు మాట్లాడి సాగనంపారు. దీనికి వాళ్లు పెట్టిన పేరు 'వతన్ వాపసీ' లాంటిది. అమెరికాలో పుట్టిన పిల్ల, ఎన్నడూ చూడని దేశానికి వాపస్ ఎలా పోతుంది?

ఫ్రాన్సిస్కో బాల్డెరామా, రేమండ్ రోడ్రిగెజ్ అనే చరిత్రకారుల అంచనాలో అలా పోయినవాళ్లు సుమారు 10 లక్షలు. సగానికి పైగా అమెరికా పౌరులే. ఇంకా తక్కువని చెప్పేవారూ ఉన్నారు. కాలిఫోర్నియా హుకూమత్ చట్టం చేసి మాఫీ కోరింది 2005లో. అప్పటికి ఎందరు బతికున్నారు!

సినిమాలో మరియా చంటిబిడ్డ చూచోతో నది దాటి తిరిగొస్తుంది. బిడ్డ నీళ్లలో పడి బతుకుతాడు. నది పగబట్టింది కాబట్టే పెద్దయ్యాక వాడు చచ్చాడన్నట్టు చూపించడం నాకు నచ్చలేదు. హుకూమత్ చేసిన జుల్మ్‌ను నసీబ్ మీదకు నెట్టినట్టుంది. అయితే చూచోను మాసూమ్‌గా మాత్రం చూపించలేదు. గంజాయి అమ్ముతాడు, తండ్రి ఇంట్లోంచి గెంటేస్తాడు. డాన్సు దగ్గర గొడవలో ఒకణ్ణి పొడిచి చంపుతాడు. పోలీసులు వాణ్ణి కాల్చేస్తుంటే తమ్ముడు జిమ్మీ కళ్లారా చూస్తాడు. తర్వాత జైలుకెళ్లేది ఆ జిమ్మీయే.

నా చేతికి దొరికితే చూచో ఒక్క పేరాలో అయిపోయేవాడు. గ్యాంగు, పాత కేసులు, కాల్పులు, మృతి. ఆ పేరాలో రైలు ఉండేది కాదు. మా మొహల్లా పిల్లల గురించి కూడా అలాగే రాశాను. వాళ్ల అమ్మలు ఎవరో, ఎక్కణ్ణుంచి వచ్చారో ఒక్కసారీ అడగలేదు.

మర్నాడు పొద్దున లేచేసరికి అమ్మీ అబ్బా సందూక్ తెరిచి కూర్చుంది. రేషన్ కార్డు, ఓటరు కార్డు, ఉర్దూ స్కూలు సర్టిఫికెట్. ఒకదానిలో పేరు ముందు షేక్, ఇంకోదానిలో ఎస్.కె., మూడోదానిలో రెండూ లేవు.

"ఇవి సరిపోతాయా?" అంది.

ఏం చెప్పాలో తోచక, అవన్నీ కవర్లో పెట్టుకుని జిరాక్స్‌కు వెళ్లాను.