విహారం విషాదం కారాదు.. పడవ ఎక్కేవారికి లైఫ్‌ జాకెట్టే రక్ష

చిక్కడపల్లి: సెలవు రోజు సాయంత్రం చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్‌ వాసులకు అందుబాటులో ఉన్న విహార స్థలం హుస్సేన్‌సాగర్‌. పిల్లాపాపలతో వచ్చే కుటుంబాలు, పోటీ పరీక్షలకు సిద్ధమవుతున్న విద్యార్థులు లుంబినీ పార్కు నుంచి పడవలో బుద్ధ విగ్రహం వద్దకు వెళ్లి వస్తుంటారు. కాసేపటి షికారే కదా అన్న ఏమరుపాటే ప్రమాదాలకు మూలమవుతోంది.

గతం నేర్పిన పాఠాలు

సాగర్‌ మధ్యన ఉన్న బుద్ధ విగ్రహం వెనుకే ఒక విషాదం ఉంది. 1990 మార్చిలో విగ్రహాన్ని తరలిస్తున్న బార్జి మునిగి పలువురు ప్రాణాలు కోల్పోయారు. విగ్రహం సుమారు రెండేళ్లు నీటి అడుగునే ఉండిపోగా, 1992లో ప్రతిష్ఠించారు. 2017 నవంబరు 12న విజయవాడ సమీపంలోని పవిత్ర సంగమం వద్ద కృష్ణా నదిలో పడవ బోల్తాపడి 20 మందికి పైగా మరణించారు. 2019 సెప్టెంబరు 15న పాపికొండల విహారానికి బయలుదేరిన బోటు కచ్చులూరు వద్ద వరద గోదావరిలో మునిగింది. అందులో ఉన్న 77 మందిలో బయటపడినవారు 26 మంది మాత్రమే. 2025 జనవరి 26 రాత్రి హుస్సేన్‌సాగర్‌లోనే బాణసంచా ఉన్న పడవలు అగ్నికి ఆహుతయ్యాయి.

ఎక్కేముందు

* లైఫ్‌ జాకెట్‌ను ఒడ్డున ఉండగానే ధరించాలి. పట్టీలన్నీ బిగించాలి. భుజాల వద్ద పట్టుకుని పైకి లాగినప్పుడు గడ్డం దాటి వస్తే అది వదులైనట్లే.
* పిల్లలకు వారి కొలత జాకెట్‌ అడిగి తీసుకోవాలి. పెద్దల జాకెట్‌ నీటిలో పైకి జారిపోతుంది.
* పడవ సామర్థ్యం ఎంతో తెలుసుకోవాలి. పరిమితికి మించి ఎక్కిస్తుంటే మరో పడవ కోసం వేచి ఉండటమే మేలు.
* ఈదురుగాలులు, ఉరుములు ఉంటే విహారం మానుకోవాలి. మద్యం సేవించి పడవ ఎక్కరాదు.

నీటిపై ఉన్నప్పుడు

ఫొటోల కోసం అందరూ ఒకే వైపునకు చేరితే బరువు అటు మొగ్గి పడవ ఒరుగుతుంది. లేచి నిలబడితే బరువు పైకి చేరి ఆ ముప్పు మరింత పెరుగుతుంది. స్పీడ్‌ బోటు దాటి వెళ్లినప్పుడు వచ్చే అలలకు కూర్చున్నచోటే పట్టుకుని ఉండాలి. ఉక్కపోతగా ఉందనో, ఫొటో బాగుండదనో జాకెట్‌ విప్పరాదు. అద్దాల గదులున్న బోట్లలో బయటకు దారి ఎటో ముందే చూసుకోవాలి.

పడవ బోల్తాపడితే

తేలుతున్న పడవనే పట్టుకుని ఉండాలి. ఒడ్డు కనిపించేంత దగ్గరగా ఉండదు. ఈదబోయి అలసిపోయే ప్రమాదం ఉంది. జాకెట్‌ ఉన్నవారు మోకాళ్లు ఛాతీకి దగ్గరగా తెచ్చుకుని, పిల్లలను మధ్యన ఉంచి గుంపుగా తేలాలి. ఒడ్డున ఉన్నవారు శిక్షణ లేకుండా నీటిలోకి దూకరాదు. తాడు, ట్యూబు, ఖాళీ ప్లాస్టిక్‌ డబ్బా వంటివి విసిరి, 112కు ఫోన్‌ చేయాలి.

బయటకు తీసిన వ్యక్తి పొట్ట నొక్కి నీరు కక్కించే ప్రయత్నం చేయరాదు. శ్వాస లేకుంటే వెంటనే నోటి ద్వారా శ్వాస అందిస్తూ ఛాతీపై నొక్కాలి. కోలుకున్నట్లు కనిపించినా ఆసుపత్రికి తరలించాలి. ఊపిరితిత్తుల్లో చేరిన నీటివల్ల కొన్ని గంటల తరువాత కూడా శ్వాస ఇబ్బంది తలెత్తవచ్చు.

జాకెట్‌ ఇవ్వకుంటే అడగడం ప్రయాణికుల హక్కు. అడిగినా ఇవ్వని పడవ ఎక్కకుండా వెనుదిరగడమే క్షేమకరం.