తంజావూరు మ్యూజియంలో ఇంటి తెలుగుకి చోటేది?

తంజావూరు పెద్ద గుడికి పోయినవాళ్ళు రాజరాజ చోళుడి తమిళ శాసనాలు చూస్తారు. అదే ఆవరణ గోడ మీద 1803లో రెండో శరభోజి చెక్కించిన మరాఠీ శాసనం ఉంది, భోంస్లే వంశ చరిత్రంతా అందులోనే. మరి 1532 నుంచి 1673 దాకా తెలుగు నాయకులు ఏలిన ఊరు కదా, తెలుగు ఎక్కడ? ప్యాలెస్‌లోని సరస్వతీ మహల్‌లో, తాటాకుల్లో.

ఈ ఊరికి కొత్తగా ఒక మ్యూజియం కట్టే పని నాకప్పగిస్తే (ఎవరూ అప్పగించరు లెండి), చోళులకొక గది, నాయకులకొక గది, మరాఠాలకొక గది అని పంచను. నాయకులు పోయాక కూడా తెలుగు ఆస్థానాన్ని వదల్లేదు. మరాఠా రాజు శహాజీ తెలుగులో యక్షగానాలు రాశాడు. పంచభాషా విలాసమనే ఒకే నాటకంలో సంస్కృతం, తెలుగు, తమిళం, మరాఠీ, హిందీ ఐదూ పెట్టాడు. దీన్ని ఎవరి గదిలో పెడతారు? నేనైతే మొదటి గదిలో, గాజుపెట్టెలో కాకుండా, చెవికి వినపడేట్టు పెడతాను. పక్కనే మెలట్టూరు భాగవతమేళం. ఆ తమిళ పల్లెలో నరసింహ జయంతికి ఇప్పటికీ తెలుగు నాటకమే ఆడతారు.

ఇంతవరకూ ఎవరూ కాదనరు. నా పట్టుదలంతా తర్వాతి గది మీద. సైన్యంతో, వ్యాపారంతో, సాగుభూమి కోసం తమిళదేశానికి వచ్చినవాళ్ళ ఇళ్ళలో మిగిలిన తెలుగు అది. "యాడికి పోతా ఉండావు?" అనే తెలుగు. నాయుళ్ళ ఇళ్ళలో ఉంది, రెడ్డియార్ల ఇళ్ళలో ఉంది, చెప్పులు కుట్టి, వీధులు ఊడ్చి బతికిన అరుంధతియర్ ఇళ్ళలోనూ ఉంది. అందరి యాసా ఒకటి కాదు. బ్యాంకులో లెడ్జరు ఎక్కని డబ్బు ఉన్నా లేనట్టే. తాటాకు ఎక్కని తెలుగుకీ అదే గతి పట్టింది.

ఖర్చు పెద్దగా ఉండదు. ఒక గది, నాలుగు కుర్చీలు, హెడ్‌ఫోన్లు. ముసలివాళ్ళ పెళ్ళి ముచ్చట్లు, వంట మాటలు, తిట్లు కూడా ఉండాలి. తిట్లు తీసేస్తే యాసలో సగం పోయినట్టే.

బోర్డుల సంగతి ఒకటుంది. మనవాళ్ళలో చాలామందికి తెలుగు మాట వచ్చు, అక్షరం రాదు. అందుకని తెలుగు మాటల్ని తమిళ లిపిలో కూడా రాయాలంటాను. కొందరికి కోపం వస్తుంది, రానీండి. మా అమ్మ నాకు ఉత్తరాలు అట్లానే రాసేది.