పాత కంప్యూటరును తూకానికి వేసే ముందు

సంఘం గదిలో మూలనున్న పాత కంప్యూటరు తెరుచుకోవడం లేదు, పాత సామాను వాళ్లకు ఇచ్చేద్దామన్నారు కొందరు. కాస్త ఆగండి.

యూనికోడ్‌లో తెలుగు 1991లోనే చేరింది. మామూలు కంప్యూటర్లలోకి మాత్రం 2001లో విండోస్ ఎక్స్‌పీతో, గౌతమి ఫాంటుతో వచ్చింది. ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు డీటీపీ వాళ్లు అను ఫాంట్లే వాడారు. మన ఉగాది సంచికలు, తొలినాటి సభ్యుల జాబితా అలా కొట్టినవే. ఆ జాబితాలోని పెద్దలు కొందరు ఇప్పుడు లేరు.

ఆనాటి హార్డ్‌డిస్కుకు వెడల్పాటి ఐడీఈ కేబులు ఉండేది. 2003లో సాటా వచ్చింది, మెల్లగా ఐడీఈ పోయింది. ఇప్పటి మదర్‌బోర్డుకు పాత డిస్కు నేరుగా తగలదు. ఐడీఈ నుంచి యూఎస్‌బీకి కలిపే అడాప్టరు కావాలి. డిస్కుకు 12 వోల్టుల కరెంటు విడిగా ఇచ్చేదే తీసుకోవాలి. బెంగళూరు ఎస్పీ రోడ్డులోనో, చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో అడిగి చూద్దాం.

ఫైళ్లొక్కటే తీసుకుంటే చాలదు. విండోస్‌లోని ఫాంట్స్ ఫోల్డరు కూడా తీయాలి. ఆ ఫాంట్లు లేకపోతే మన తెలుగు పిచ్చి గీతల్లా కనిపిస్తుంది.

పెట్టె పోతే పోనీ, డిస్కును మాత్రం విప్పి దాచండి. మన చరిత్ర అందులో ఉంది.