నీటి ఒడ్డుకు ఒక బాట

మన ప్రాంతంలో నీళ్ళ మాట ఎత్తితే అది కరువుతో మొదలై ఫ్లోరైడ్ దగ్గరికి చేరుతుంది. ఈ స్వర్ణోత్సవ సంచికలో నేను వాటిని ఆనుకునే ఉన్న మరో సంగతి రాయదలచాను. నడవలేనివారు నీటి ఒడ్డుకు చేరడమెలా?

దీని చరిత్ర మన గడ్డ మీదే మొదలుపెట్టాలి. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా పొదిలి నెల్లూరు జిల్లాలో ఉండేది. మార్కాపురం, గిద్దలూరు కర్నూలు నుంచి వచ్చి కలిశాయి. మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లో, 1937లో, షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు పరిశోధకులు నెల్లూరు జిల్లాలోని ఫ్లోరోసిస్ గురించి వైద్య పత్రికలో రాశారు. తాగే నీటిలోని ఫ్లోరైడ్ ఏళ్ళ తరబడి ఒంట్లో చేరితే పళ్ళు గారపడతాయి, వెన్ను బిగుసుకుపోతుంది, కీళ్ళు వంగవు. నడుము వంగిపోయి కర్ర పట్టుకుని నడిచే పెద్దలను మనమంతా చూసినవాళ్ళమే. నీళ్ళే నడకను తీసుకుపోయిన పల్లెలు మనవి. అలాంటివారికి చెరువు మెట్లు దిగడం కూడా గండమే.

మన పాత చెరువుల్లో నేను గమనించినది ఒకటుంది. గొడ్లు నీళ్ళు తాగడానికి దిగేచోట కట్ట వాలుగా ఉంటుంది. మనుషులు దిగేచోట మెట్లుంటాయి. కాలు సరిగా లేనివారు గొడ్ల దారినే దిగేవారు. విజయనగర కాలంలో గుండ్లకమ్మ మీద కట్టిన కంభం చెరువుకు 2020లో అంతర్జాతీయ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తింపు వచ్చింది. మనందరికీ గర్వకారణం. ఆ నీటిని దగ్గర నుంచి చూసే భాగ్యం చక్రాల కుర్చీలో వచ్చినవారికీ దక్కాలి గదా!

చట్టం ఈ మాట ఎప్పుడో ఒప్పుకుంది. 1995లో వికలాంగుల చట్టం వచ్చింది. 2007లో ఐక్యరాజ్యసమితి ఒడంబడికను మన దేశం ఆమోదించింది. వినోదం, విహారం కూడా హక్కులేనని అందులో ఉంది. 2016 చట్టం వైకల్యాల జాబితాను 7 నుంచి 21కి పెంచింది. అందరికీ అందుబాటు అన్నది దయాధర్మం కాదు, తప్పనిసరి ప్రమాణాలు ఉండాలని 2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

కాగితం మీది హక్కు ఇసుక మీదికి వచ్చిన చోటు చెన్నై మెరీనా. చక్రాల కుర్చీ ముందు చక్రాలు చిన్నవి, ఇసుకలో దిగబడిపోతాయి. అందుకని అక్కడి దివ్యాంగులు చాలాకాలం అడగ్గా, మొదట్లో డిసెంబరులో కొద్దిరోజులకు తాత్కాలిక బాట వేసేవారు. 2022 నవంబరు 27న 263 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పుతో శాశ్వత చెక్కబాట తెరిచారు. ఖర్చు సుమారు 1.14 కోట్లు. రెండు వారాలు తిరక్కుండానే మాండూస్ తుపాను దాని చివరి భాగాన్ని దెబ్బతీసింది. బాగుచేసి మళ్ళీ తెరిచారు. బాట వేయడంతో పని తీరదు, ఏటా కాపాడుకోవాలన్నది అక్కడ నేర్చుకోవలసిన పాఠం. మన రాష్ట్రంలో విశాఖ రుషికొండ తీరానికి 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. దివ్యాంగులకు సదుపాయాలు ఆ గుర్తింపు నియమాల్లో భాగమే.

మనకు దగ్గరి సముద్రం ఒంగోలు అవతల కొత్తపట్నం. కార్తీకమాసం వస్తే కుటుంబాలు కుటుంబాలుగా స్నానాలకు వెళతాం. నడవలేని అవ్వను ఇంట్లో వదిలి వెళతాం, లేదా ఇద్దరు మోసుకెళతారు. మోయించుకోవడం ఎంత చిన్నతనంగా ఉంటుందో ఆ అవ్వనే అడగాలి.

మన పూర్వ విద్యార్థుల్లో ఇంజనీర్లున్నారు, కాంట్రాక్టర్లున్నారు, ఉపాధ్యాయులున్నారు, ప్రజాప్రతినిధులున్నారు. లెక్క సులువే. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల వాలు కావాలి. మూడడుగుల గట్టుకు 36 అడుగులు, పక్కన పట్టుకోవడానికి కమ్మీ. చెరువుకట్ట బాగుచేసే ప్రతి అంచనాలో ఈ ఒక్క పద్దు చేర్పించగలిగితే చాలు. విహారయాత్రకు పిల్లలను తీసుకెళ్ళే గురువులు కూడా చోటు ఎంచుకునే ముందే అడగాలి: తరగతిలోని ప్రతి బిడ్డా అక్కడ నీళ్ళు తాకగలదా?