పలకరాతి బండ్లు

చరిత్ర యనగా రాజుల వంశావళియు, యుద్ధముల తేదీలును మాత్రమే యని మన బడిపిల్లలు నేటికిని తలంచుచున్నారు. రైలుబాటల చరిత్ర వ్రాయువారును తరచుగా నీ దోషమునకే లోనగుదురు. ఇంజనుకు పేరుపెట్టి కీర్తింతురు. రాజులెక్కిన పెట్టెను ప్రదర్శనశాలలో నిలుపుదురు. బొగ్గును, రాతిని, ధాన్యమును మోసిన గూడ్సుబండిని మాత్రము తుక్కుక్రింద అమ్మివేయుదురు. అందెక్కి ప్రయాణము చేయువా రుండరు గనుక దానిని బాగుచేసిన వ్యయము తిరిగి రాదు. అయినను అట్టి బండ్లను కూలి కోరక బాగుచేయువారు వేల్సు దేశమున కలరు. వారి పని యెట్టిదో, దానివలన మనము గ్రహింపదగిన దేమో విచారింతము.

ఉత్తర వేల్సు కొండలలో ఇండ్లకప్పులకు పనికివచ్చు పలకరాయి దొరకును. దానిని బ్లైనై ఫెస్టీనియోగ్ గనులనుండి పోర్త్‌మడోగ్ రేవునకు చేర్చుటకై 1832లో పార్లమెంటు అనుమతి నొసగెను. 1836లో రైలుబాట తెరవబడెను. పట్టాల నడిమి వెడల్పు రెండడుగులకు కొంచెము తక్కువ. బాట పొడవు సుమారు పదమూడున్నర మైళ్లు. తొలిదినములలో ఇంజను లేదు. బాటను దాదాపు రేవువరకు ఎడతెగని వాలుగా నిర్మించిరి గనుక, పలకలు నింపిన బండ్లు తమ బరువుచేతనే దిగివచ్చెడివి. వట్టిబండ్లను గుర్రములు ఎగువకు లాగెడివి. దిగునపుడు ఆ గుర్రములే ప్రత్యేకమగు బండ్లలో నిలిచి దొరసానులవలె ప్రయాణము చేసెడివి. 1863లో ఆవిరియింజనులు వచ్చి గుర్రముల పనిని కైకొన్నను, నిండుబండ్లు 1939 వరకు ఇంజను లేకయే దిగుచుండెను. వ్యాపారము ముమ్మరముగా సాగిన కాలమున బండ్ల సంఖ్య వేయికి మించెను.

1946లో బాట మూతబడెను. పట్టాలపై పొదలు పెరిగెను. బండ్లు ఎక్కడివక్కడ తుప్పుపట్టెను. వేల్సునందే తలిథ్లిన్ అను మఱియొక చిన్నబాటను 1951లో స్వచ్ఛందసేవకులు నడుపబూనిరి. లోకమున ఇట్టి యత్నములలో నిదియే మొదటిది. 1955లో ఫెస్టీనియోగ్ బాటయు కొంతమేర తెరవబడెను. విద్యుత్కేంద్రమునకై కట్టిన జలాశయము పాతబాటలో కొంత ముంచివేయగా, కొండ చుట్టును క్రొత్తబాటను చాలవరకు స్వచ్ఛందసేవకులే నిర్మించిరి. 1982లో గాని రైలు మరల బ్లైనై చేరలేదు.

బండిని బాగుచేయుట యనగా రంగు పూయుట కాదు. తుప్పు గీకి, ఇనుపచట్రమున ఎంత గట్టిదనము మిగిలెనో మొదట పరీక్షింపవలెను. పుచ్చిన కొయ్యను తీసి, అదే కొలతగల క్రొత్తకొయ్య నమర్చవలెను. సడలిన రివెట్లను తొలగించి క్రొత్తవి బిగింపవలెను. చక్రములను, ఇరుసులను, బ్రేకులను సరిచూడవలెను. ఇన్ని భాగములు మారినపిమ్మట అది పాతబండి యెట్లగునని కొందఱు శంకింతురు. ఈ శంకకు కొండవాలే సమాధానము. బాగుచేసిన బండ్లను వరుసగా కూర్చి, విశేషదినములందు నేటికిని ఇంజను లేకుండ దింపుచుందురు. బ్రేకువాండ్రు బండ్లపై కూర్చుండి, చేతితో బ్రేకులు వేయుచు వేగమును అదుపులో నుంతురు. ఎక్కువ బిగించిన నాగిపోవును. ఎక్కువ వదలిన ప్రమాదము. పుస్తకము చదివి యీ నేర్పు సంపాదింపరాదు. బండిలోని కొయ్య క్రొత్తదైనను, అది నేర్పు విద్య పాతదే.

అయినను ఒక హెచ్చరిక యవసరము. తళతళలాడు బండిని చూచి గతమంతయు మనోహరమని భ్రమపడరాదు. పలకను కోసి చీల్చునపుడు లేచిన సన్నని ధూళి పనివాండ్ర యూపిరితిత్తులలో చేరి, అనేకుల ప్రాణములు గొనెను. గనులు మూతబడి, యజమానులు లేకపోగా, రోగపీడితులకు పరిహార మిచ్చువా రెవ్వరును లేకుండిరి. దీర్ఘకాలము పోరాడినమీదట 1979లో గాని వారికై పార్లమెంటు శాసనము చేయలేదు. 2021లో యునెస్కో ఈ పలకగనుల సీమను ప్రపంచ వారసత్వముగా గుర్తించినది. ఆ గౌరవము బండికెంతయో, ఊపిరాడక మరణించినవానికిని అంతయే చెందవలెను. బండి కథలో ధూళికథను విడిచినవాడు సగము చరిత్రను దాచినవాడగును.

మన ధవళేశ్వరమును తలంచుకొందము. 1847 మొదలు 1852 వరకు గోదావరిపై ఆనకట్ట కట్టినపుడు, కొండరాతిని పట్టాలమీది బండ్లతో ఏటికి చేర్చిరి. కాటను దొర విగ్రహమునకు ఏటేట పూలమాలలు వేయుచున్నాము; అది యుచితమే. ఆ రాతిని పగులగొట్టి, బండ్ల కెత్తిన కూలీలలో ఒక్కని పేరైన మనలో నెందఱికి తెలియును? మన యూళ్లలో గానుగలు, మగ్గములు, పడవలు మూలబడి చెదలకు ఆహారమగుచున్నవి. వానిని వాడిన ముదుసలు లింకను కొందఱు జీవించియున్నారు. ప్రతి పాఠశాలయు తన యూరి పనిముట్టు నొకదానిని బాగుచేసి, ఆ ముదుసలిచేతనే దానిని నడిపింపజేసి, వాని కష్టసుఖములను వ్రాసి యుంచవలెను. ఈ పనికి గొప్ప ధనము అక్కఱలేదు. ఆలస్యము చేసితిమా, పనిముట్టు మిగిలినను దానిని నడుప నేర్చిన చేయి మిగులదు.