గాలిలో గుద్దులు: కరాటే కటా పూర్వాపరాలు

మా మనుమడు మూడేళ్లకు పైగా కరాటే నేర్చుకుంటున్నాడు. సంక్రాంతి సెలవులకు వచ్చినప్పుడు మా అమ్మాయి ఒక ఫిర్యాదు మోసుకొచ్చింది. "నాన్నా, ఆ మాస్టారు ఎంతసేపూ కటాలే చేయిస్తున్నారు. ఎదుట మనిషే ఉండడు. వీడు గాలిలో గుద్దులు గుద్ది, అటూ ఇటూ తిరిగి, చివరికి వంగి దణ్ణం పెట్టి వచ్చేస్తాడు. రేపు బడిలో ఎవడైనా చొక్కా పట్టుకుంటే ఇది ఎందుకు పనికొస్తుంది? మాన్పించి ఈతకు పంపుదామనుకుంటున్నాను" అన్నది.

ప్రశ్న సమంజసమైనదే. పైగా కొత్తది కూడా కాదు. కరాటే పుట్టిన గడ్డ మీదనే నూరేళ్లకు పూర్వం ఈ ప్రశ్న తలెత్తింది. దానికి అప్పట్లో దొరికిన సమాధానంలో మా వృత్తికి కూడా కొంత పాత్ర ఉన్నందువల్ల ఈ చరిత్రను పాఠకమిత్రుల ముందుంచుతున్నాను.

కటా అంటే జపనీస్ భాషలో రూపం, మూస అని అర్థం. కాపు, దెబ్బ, మలుపు, అడుగు అన్నీ ఒక నిర్ణీత క్రమంలో కూర్చి, ఒంటరిగా అభ్యసించే వరుస అది. ఇది జపాన్ ప్రధాన భూభాగంలో పుట్టినది కాదు. దక్షిణాన ఉన్న ఒకినావా దీవి ఒకప్పుడు ర్యూక్యూ అనే స్వతంత్ర రాజ్యం. చైనాతో వర్తకం, రాయబారం నెరపిన ఆ రాజ్యంలో చైనా యుద్ధవిద్యలు స్థానిక విద్యలతో కలిసి 'తోదే', అనగా 'చైనా చేయి', అయినాయి. ఆయుధాలు లాక్కోగా రైతులు రహస్యంగా కనిపెట్టిన విద్య ఇది అనే కథ సినిమాల వలన ప్రచారం పొందింది గాని, మనకు పేర్లు తెలిసిన పాత గురువులలో అధికులు రాజోద్యోగులు, కులీన కుటుంబీకులు. మత్సుమురా సోకోన్ రాజుల అంగరక్షకుడు. ఆయన శిష్యుడు ఇతోసు అంకో రాజాస్థానంలో లేఖకుడు.

లేఖకుడే గురువైనప్పటికీ ఆ విద్య గ్రంథస్థం కాలేదు. గురువు ఇంటి పెరట్లో, ఒకరిద్దరు శిష్యులకు, తరచు రాత్రిపూట చెప్పేవారు. రాత లేనిచోట జ్ఞాపకానికి ఒక పాత్ర కావాలి. మనవారు వేదాన్ని స్వరంతో, క్రమంతో బంధించి కాపాడుకున్నట్లు వారు తమ విద్యను దేహంలో బంధించారు. 1945 నాటి ఒకినావా యుద్ధంలో షురి కోట నేలమట్టమైంది, ఆ దీవి చరిత్రకు ఆధారమైన పత్రాలు ఎన్నో బూడిదైనాయి. కటాలు మాత్రం మనుషుల కాళ్లలో, చేతులలో మిగిలాయి.

అయితే ఆ పాత్రలో దాచినది ఏమిటి? ఇక్కడ నా ఉద్యోగానుభవం ఒకటి చెప్పాలి. ప్రభుత్వ వైద్యుడిగా పనిచేసిన కాలంలో, కొట్లాటలలో గాయపడి పోలీసు కాగితంతో వచ్చిన వారిని పరీక్షించి వూండ్ సర్టిఫికెట్ రాయడం మాకు నిత్యకృత్యం. కర్ర, కొడవలి గాయాల మాట వేరు. వట్టి చేతులతో కొట్టుకున్న వారి ఒంటి మీద గాయాలు దాదాపు ఎప్పుడూ ఒకే కథ చెప్పేవి. మెడ మీద గోళ్ల గీరలు, చిరిగిన కాలరు, మణికట్టు చుట్టూ కమిలిన వేలిముద్రలు, ఊడివచ్చిన జుట్టు, కొరికిన వేలు, వెనక్కి తోయగా పడి పగిలిన తల. గుద్దిన వాడికి చిటికెనవేలి మూలపు ఎముక విరగడం కూడా తరచు చూశాను. సినిమాలో వలె ఆరడుగుల దూరంలో నిలబడి ఎగిరి తన్నుకున్న వారిని నేను ఒక్కరినీ చూడలేదు. సామాన్య మానవుల కొట్లాట పట్టుకోవడంతో మొదలవుతుంది.

ఈ దృష్టితో పాత కటాలను చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. 'నైహంచి' అనే కటా ఉన్నది. ముందుకూ వెనక్కూ పోకుండా ఒకే గీత మీద పక్కలకు మాత్రమే అడుగులు వేస్తారు. అందులో ఒక చేతిని చాచి, తెరిచిన ఆ అరచేతిలోకి రెండవ చేతి మోచేతితో కొడతారు. ఎదుట మనిషి లేనప్పుడు అది అర్థం లేని చేష్టే. చాచిన చేయి ఎదుటివాడి మెడనో తలనో పట్టి లాగుతున్నదనుకోండి. మోచేయి ఎక్కడ తగులుతుందో వేరే చెప్పనక్కరలేదు. అలాగే గుద్దే ప్రతిసారీ రెండవ పిడికిలిని నడుము దగ్గరకు లాగుతారు. దానిని 'హికితే' అంటారు. లాగే చేయి ఖాళీది కాదు, ఎదుటివాడి మణికట్టునో చొక్కానో పట్టుకున్న చేయి అని తెలిస్తేనే దానికి ప్రయోజనం. ఇలా కటాను విప్పి అర్థం చెప్పడాన్ని 'బున్‌కాయ్' అంటారు.

మరి ఈ అర్థం మన పిల్లలకు ఎందుకు చేరలేదు? 1879లో జపాన్ ర్యూక్యూ రాజ్యాన్ని రద్దు చేసి ఒకినావాను తన జిల్లాగా మార్చుకున్నది. రాజాస్థానం పోయింది, దానితో అంగరక్షకుల పనీ పోయింది. విద్య అంతరించవలసిన సమయంలో దానిని నిలబెట్టిన వాటిలో ఒకటి వైద్యపరీక్ష. సైన్యంలో చేరవచ్చిన ఒకినావా యువకులను పరీక్షించిన వైద్యులు, యబు కెంత్సు, హనాషిరో చోమో వంటి కొందరి దేహదార్ఢ్యం చూసి అబ్బురపడ్డారని, ఆరా తీస్తే వారు ఈ విద్యను అభ్యసించినవారని తేలిందని కరాటే చరిత్రకారులు చెబుతారు. ఉద్యోగార్థులకు ఫిట్‌నెస్ పరీక్షలు చేసిన వాణ్ణి గనుక నాకు ఈ ఘట్టం ప్రీతిపాత్రం.

1901 ప్రాంతంలో ఇతోసు అంకో షురిలోని ప్రాథమిక పాఠశాలలో ఈ విద్యను ప్రవేశపెట్టారు. అప్పటికి ఆయనకు ఏడు పదులు, అంటే దాదాపు నా వయస్సు. బాలురకు అనువుగా 'పినాన్' అనే ఐదు చిన్న కటాలను కూర్చారు. పెరట్లో ఇద్దరికి చెప్పిన విద్యను ఇప్పుడు బడి ఆవరణలో వందమందికి చెప్పాలి. వరుసలు, అంకెల లెక్క, ఆజ్ఞలు వచ్చాయి. పసివారికి మెడ విరిచే పట్లు ఎవరు నేర్పుతారు? ప్రమాదకరమైన అర్థాలను ఆయన బుద్ధిపూర్వకంగానే పక్కన పెట్టారని పలువురు పరిశోధకుల అభిప్రాయం. నాకూ అదే సబబనిపిస్తుంది. రూపం నిలిచింది, అర్థం గురువుల వద్దే ఉండిపోయింది.

1908లో ఆయన విద్యాశాఖకు పది సూత్రాలతో ఒక లేఖ రాశారు. అందులో రెండు అంశాలు వైద్యుడిగా నన్ను ఆకట్టుకున్నాయి. అభ్యసించే ప్రతి కదలికా దేహారోగ్యం కోసమా, ప్రయోగం కోసమా అన్నది ముందుగా తేల్చుకోవాలి అన్నది ఒకటి. మితిమీరి బలం బిగిస్తే ముఖం, కళ్లు ఎర్రబడి దేహానికి హాని కలుగుతుంది అన్నది రెండవది. మా అమ్మాయి అడిగిన దానికి సమాధానం మొదటి సూత్రంలోనే ఉన్నది.

ఇతోసు శిష్యుడు ఫునాకోషి గిచిన్ బాల్యంలో రోగిష్ఠి. వైద్యవిద్యకు ప్రవేశపరీక్షలో నెగ్గినా, జుట్టుముడి తీయడానికి ఇంట్లోవారు ఒప్పుకోనందున వైద్యుడు కాలేకపోయాడు, బడిపంతులయ్యాడు. నైహంచి వరుసలోని మూడు కటాల మీదనే పదేళ్లు గడిపానని ఆయన చెప్పుకున్నాడు. 1922లో టోక్యో వెళ్లి అక్కడ కరాటేను నిలబెట్టాడు, నైహంచికి 'తెక్కి' అని పేరు మార్చాడు. కాని విశ్వవిద్యాలయ విద్యార్థులకు కటాలతో ఓపిక నశించింది. రక్షణకవచాలు ధరించి పోటీగా కొట్టుకోసాగారు. అది నచ్చక 1920ల చివర ఆయన ఒక విశ్వవిద్యాలయ శిక్షణనే వదులుకున్నాడు.

పోట్లాటకు కటా పనికిరాదనే వారు మొతోబు చోకి కథ వినాలి. ఆయనా ఒకినావా వాడే. వీధి పోట్లాటలకు పేరుమోసినవాడు, యాభై దాటిన వయసులో క్యోటోలో ఒక విదేశీ బాక్సరును పడగొట్టినవాడు. 1925లో 'కింగు' పత్రిక ఆ వార్త వేస్తూ, పొరపాటున ఫునాకోషి పోలికలతో బొమ్మలు వేసింది! ఇద్దరికీ పడదు గనుక ఆ పొరపాటు మరీ బాధించి ఉంటుంది. ఇంతటి కొట్లాటగాడు ప్రధానంగా నమ్ముకున్నది ఒకే కటా, అదే నైహంచి. ఆయన దానిని మనిషి మీద ప్రయోగించి చూసేవాడు. రెండు చేతులూ దంపతుల వలె కలిసి పనిచేయాలనేవాడు. 1926లో ప్రచురించిన పుస్తకంలో ఇద్దరు మనుషుల అభ్యాసాలనే చూపాడు.

తరువాతి కాలంలో కటా పోటీ అంశమైంది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో ఒకినావా వాడైన కియునా ర్యో కటాలో స్వర్ణం గెలిచాడు. చూడముచ్చటైన ప్రదర్శనే. కాని మార్కుల కోసం కాళ్లు మరీ సాగదీసి, మోకాళ్లు మరీ వంచే ధోరణి పిల్లలకు పాకడం నాకు నచ్చదు.

ఆరోగ్యపరంగా కటాకు మరొక ప్రయోజనం ఉన్నది. బరువును ఒక కాలి నుండి మరొక కాలికి మార్చడం, తిరిగి స్థిరంగా నిలవడం, వరుసను గుర్తుంచుకోవడం, ఇవన్నీ వృద్ధులకు కావలసినవే. తుంటి ఎముక విరిగి మంచాన పడినవారిని చూసిన వాడిగా చెబుతున్నాను. అయితే అరవై దాటినవారు మోకాలిని పాదం కంటె లోపలికి వంచరాదు, నిలువు ఎత్తుగానే ఉంచాలి. 'సాంచిన్' వంటి కటాలలో ఒళ్లంతా బిగించి బలంగా శ్వాసిస్తారు. శ్వాస బిగబట్టి బలం పెడితే ఛాతీలో పీడనం పెరిగి, రక్తపోటు ఒక్కసారిగా ఎగుస్తుంది. ఇతోసు చెప్పిన ఎర్రబడిన కళ్లు అవే. రక్తపోటు, గుండెజబ్బు, హెర్నియా ఉన్నవారు దాని జోలికి పోకపోవడం మంచిది.

ఆ సాయంత్రం మనుమణ్ణి పిలిచి తెక్కి చేయమన్నాను. అరచేతిలోకి మోచేతితో కొట్టినప్పుడు ఆపి, "ఆ చేతిలో ఏముందిరా?" అని అడిగాను. "ఏమీ లేదు తాతయ్యా" అన్నాడు. మీ మాస్టారిని అడిగి రమ్మన్నాను. తరువాతి ఆదివారం ఫోను చేశాడు. మాస్టారు నవ్వి, క్లాసులో ఇద్దరిద్దరిని ఎదురెదురుగా నిలబెట్టి, ఒకడిని కాలరు పట్టుకోమని, రెండవవాడిని అదే కటాను నెమ్మదిగా చేయమన్నారట. మా అమ్మాయి ఈత మాట వేసవికి వాయిదా వేసింది.