ఇంగ్లీషు రాతకు మాటల జంటలు

మన పిల్లలకు ఇంగ్లీషు మాటలు చాలానే వచ్చు. వాక్యం రాయమంటేనే తడబడతారు. ఛత్రపూర్, బరంపురం ప్రాంతంలో ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, బడిలో ఇంగ్లీషు. ఏ మాటకు ఏ మాట తోడు వస్తుందో మూడు భాషల్లోనూ వేరువేరు. ఆ తోడు తప్పితే, వ్యాకరణం సరిగా ఉన్నా రాత ఎబ్బెట్టుగా ఉంటుంది.

పరీక్షనే తీసుకోండి. తెలుగులో పరీక్ష ‘రాస్తాం’, ఒడియాలో ‘ఇస్తారు’. అందుకే ఒకరు ‘రైట్ ఎగ్జామ్’ అని, ఇంకొకరు ‘గివ్ ఎగ్జామ్’ అని రాస్తారు. మన దేశంలో రెండూ చెల్లుతున్నా, ఇంగ్లీషువారు ఎక్కువగా అనేది ‘టేక్ ఎన్ ఎగ్జామ్’. అలాగే తప్పు చేయడం ‘డూ’ కాదు, ‘మేక్ ఎ మిస్టేక్’. పెద్ద వాన ‘బిగ్ రెయిన్’ కాదు, ‘హెవీ రెయిన్’.

ఇలా కలిసి నడిచే మాటలను ఇంగ్లీషులో ‘కొలొకేషన్’ అంటారు. జపాన్‌లో ఇంగ్లీషు బోధనకు కృషి చేసిన హెరాల్డ్ పామర్ 1933లో వీటిపై నివేదిక వెలువరించారు. ఒకప్పుడు లాహోరులో ఆచార్యుడిగా పనిచేసిన జె.ఆర్. ఫర్త్, 1950లలో ఈ భావనకు భాషాశాస్త్రంలో చోటు కల్పించారు. 2002లో ఆక్స్‌ఫర్డ్ వీటికే ప్రత్యేకంగా ఒక నిఘంటువు తెచ్చింది.

నేను గుమాస్తాగా చేరినప్పుడు నా వ్యాకరణం అంతంతమాత్రం. పాత ఫైళ్ళలోంచి ‘సబ్మిట్ ఎ రిపోర్ట్’, ‘గ్రాంట్ లీవ్’ వంటివి జంటలుగానే ఎత్తి రాసుకునేవాణ్ణి. డ్రాఫ్టు రాయడం అలాగే పట్టుబడింది.

ఇంట్లో నేర్పే పద్ధతి ఇది. పాఠంలో ఒక నామవాచకం కింద గీత గీయించండి. దానితో వచ్చిన క్రియనో విశేషణాన్నో కలిపి నోటుబుక్కులో రాయించండి. పక్కన తెలుగులో మనం ఎలా అంటామో రాయించండి. వారానికి 5 జంటలు చాలు. ఒక్కో జంటతో పిల్లల సొంత విషయం మీద రెండు వాక్యాలు రాయించాలి. వారం తర్వాత నామవాచకం మాత్రం చెప్పి, తోడు మాట అడగండి.

తెలుగు వరుస రాయించడంలో ఇంకో లాభం ఉంది. మనం బట్టలు ఉతుకుతాం, చేతులు కడుగుతాం, గిన్నెలు తోముతాం. ఒడియాలో బట్టలకూ చేతులకూ ‘ధోఇబా’ చెల్లుతుంది; ఇంగ్లీషులో మూడింటికీ ‘వాష్’ సరిపోతుంది. అందుకే మన ఇళ్ళలోనే పిల్లలు ‘బట్టలు కడిగాను’ అంటున్నారు. తెలుగు బడి లేని పిల్లవాడికి ఈ తేడా చెప్పవలసింది ఇంటివారే. ఇంగ్లీషు కోసం తెరిచిన నోటుబుక్కులో తెలుగు కూడా నిలబడుతుంది. రోజూ పావుగంట కూర్చోబెట్టండి.